గడియ తీయని శనివారం

శవం మీద దెబ్బ ఒక్కటి కూడా లేదు. కమిషనర్ హెన్నింగ్ బ్రాండెస్‌ని అన్నిటికంటే ముందు కలవరపెట్టింది అదే.

హెల్మెన్‌బ్రుక్ ప్రాంతీయ కోర్టు వెనకభాగంలో ఒక నడవా, నడవా పొడుగునా ఐదు గదులు. విచారణకి తెచ్చిన ఖైదీలని పిలుపు వచ్చేదాకా అక్కడే ఉంచుతారు. నాలుగో గదిలో, చెక్కబల్ల మీద గోడకి ఆనుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు గోట్లీబ్ హార్మ్స్. డెబ్భై దాటిన మనిషి. ఒకప్పుడు ఈ గదులకి జైలరు. కళ్ళు సగం మూసుకున్నాయి. చేతులు రెండూ మోకాళ్ళ మీద బుద్ధిగా పెట్టుకున్నాడు.

"గుండె ఆగింది," అన్నాడు పోలీసు డాక్టరు, సంచీ సర్దుకుంటూ. "శనివారం రాత్రి, మహా అయితే ఆదివారం తెల్లవారుజామున. సెలవురోజు ఇక్కడ పొయ్యి వెలిగించరు. బయట మార్చి చలి. ఈ గుండెకి అది చాలు."

"అంటే సహజ మరణం."

"మనిషి సహజంగానే పోయాడు కమిషనర్ గారూ. తలుపే సహజంగా లేదు. బయటినుంచి గడియ పెట్టి ఉందట కదా?"

హెన్నింగ్ గడియ వైపు చూశాడు. ఈ నాలుగో గది గుమ్మం అతను దాటి పదమూడేళ్ళయింది.

1945 మార్చిలో హెల్మెన్‌బ్రుక్ మీద బాంబులు పడ్డ శనివారం, అతని తమ్ముడు యోస్ట్ ఇదే గదిలో ఉన్నాడు. వయసు పదిహేడు. ఫిరంగుల దళం నుంచి పారిపోయి ఇంటికొచ్చాడని పట్టుకుని ఇక్కడ పడేశారు. సోమవారం విచారణ. సోమవారం రానేలేదు. కోర్టు తగలబడింది. ఐదు గదుల్లో ఐదుగురు. తాళాలు తీసేవాడు లేడు. తాళంచెవుల గుత్తి జైలరు హార్మ్స్ నడుముకుంది. హార్మ్స్ ఏమో బీరు కార్ఖానా కింద నేలమాళిగలో జనంతో పాటు కూర్చుని ఉన్నాడు. దాడి ఆగి, దీపాలు మళ్ళీ వెలిగాక ఊరంతా ఆ గుత్తిని చూసింది. ఆ రోజునుంచి అతన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. 'తాళాలవాడు' అనేవారు. సారాయి కొట్లో అతను కూర్చున్న బల్ల దగ్గర మరొకరు కూర్చునేవారు కాదు.

ఆ తాళాలవాడు ఇప్పుడు అదే గదిలో, బయట గడియ పెట్టిన తలుపు వెనక చచ్చిపోయాడు.

"తలుపు తీసింది మీరేనా?" హెన్నింగ్ డఫేదారు వైపు తిరిగాడు.

డఫేదారు బ్రూనో టీమన్‌ది ఈ కోర్టులో మూడో తరం. కోర్టు మొదటిసారి తలుపులు తెరిచిన 1879లో తొలి ప్రధాన న్యాయమూర్తి వెనక పుస్తకాలు మోసింది వాళ్ళ తాత. ఆ సంగతి రోజుకొకరికైనా చెప్పందే అతనికి తోచదు. ఇవాళ మాత్రం ఆ ఊసెత్తలేదు.

"నేనేనండీ. సోమవారం కదా, పొద్దున్నే ముద్దాయిని తెస్తారని గదులు చూడ్డానికొచ్చాను. ఖాళీ గదికి గడియ ఏంటా అనుకుంటూ తీశాను. తీస్తే... ఇదీ."

"శనివారం మీరు వెళ్ళేటప్పుడు?"

"ఒంటిగంటకి వెళ్ళాను. అప్పుడు ఐదు గదులూ బార్లా తెరిచే ఉన్నాయి. గాలాడాలని అలాగే వదిలేస్తాం."

"బయటి తలుపు తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"ప్రధాన న్యాయమూర్తి గారి దగ్గర ఒకటి. ఆయన శుక్రవారమే మేనకోడలి పెళ్ళికని ఊరెళ్ళారు. నా దగ్గరొకటి." టీమన్ కోటు గుండీ తిప్పుతూ ఆగిపోయాడు.

"మూడోది?"

"ఆ సంగతి నాతో ఎందుకు చెప్పిస్తారండీ? మీకు తెలియంది కాదు కదా."

తెలుసు. మూడో తాళంచెవి కోర్టు నేలలు తుడిచే ఆవిడ దగ్గరుంటుంది. ఆవిడ హెన్నింగ్ తల్లి, ఎర్నా బ్రాండెస్.

హెన్నింగ్ నడవాలో మొదటి కొస నుంచి చూడ్డం మొదలెట్టాడు. నాలుగో గది తలుపు పక్కన కొక్కేనికి హార్మ్స్ కోటు తగిలించి ఉంది. చిందరవందరగా కాదు, భుజాలు సర్ది మరీ. జేబులో మందుసీసా: గుండె మాత్రలు, సగానికి పైగా ఉన్నాయి. కింద స్టూలు మీద బెల్టు, దాని పక్కన బూట్ల తాళ్ళు రెండు, చిన్న ఉండలుగా చుట్టి. ఖైదీని గదిలో పెట్టేముందు తీయించే వస్తువులవి, ఉరేసుకోకుండా.

"ఈ తాళ్ళు ఇలా చుట్టేదెవరు?"

"జైలర్లు చుడతారండీ. మాకు అలాగే నేర్పారు."

అంటే తీసిందీ ఆయనే, చుట్టిందీ ఆయనే. ఎవరూ ఈడ్చుకురాలేదు. తనంతట తాను ఖైదీలా తయారై లోపలికి నడిచాడు. గడియ వేసింది మాత్రం మరొకరు.

తలుపు మధ్యలో భోజనం అందించే చిన్న కిటికీ తెరిచి ఉంది. దాని చెక్క మీద ఇనామిల్ కప్పు, నిండా కాఫీ. పైన మీగడ చర్మంలా బిగుసుకుపోయింది. ఒక్క గుక్క కూడా తాగలేదు.

గదిలో గోడకి చిన్న ఇనప పిడి ఉంది. హెన్నింగ్ చెయ్యి చాపి లాగాడు. బయట గంట గణగణమంది. తలుపు పైనున్న ఎర్ర రేకు టప్పున కిందికి వాలింది. లోపలివాడికి ఏదైనా అవసరమైతే పిలవడానికి పెట్టిన ఏర్పాటు.

"పొద్దున మీరొచ్చేసరికి ఈ రేకు పైకుందా, కిందికుందా?"

"పైకే ఉందండీ. మనం కదిలిస్తే తప్ప అది మళ్ళీ పైకెళ్ళదు."

ముప్ఫై ఏళ్ళు ఇదే నడవాలో ఆ గంట విని పరుగెత్తిన మనిషి. ప్రాణం పోతుంటే పక్కనున్న పిడి లాగలేదు.

"ఆయన ఇక్కడికి రావడం ఇదే మొదటిసారా, టీమన్?"

"నేను చూడలేదండీ."

"చూశారా అని కాదు, తెలుసా అని అడిగాను."

టీమన్ గొంతు తగ్గించాడు. "ఏటా, బాంబులు పడ్డ ఆ శనివారం వస్తాడు. ఒంటిగంట తర్వాత. నాకు తెలిసినట్టు వాళ్ళకి తెలీదు. మనిషన్నవాడు ఏదో ఒక చోటికి వెళ్ళి ఏడ్చుకోవాలి కదా అని ఊరుకున్నాను."

'వాళ్ళకి' అన్నాడు. 'ఆయనకి' అనలేదు. హెన్నింగ్ విన్నాడు. విననట్టు తలవంచి నేల చూశాడు.

చూడకుండా ఉంటే బాగుండేది. శనివారం నేలకి మైనం పూసి, ఆరాక బరువు బ్రష్‌తో తోమి మెరుగు పెడతారు. మొదటి గది నుంచి మూడో గది దాకా నేల అద్దంలా ఉంది. అక్కణ్ణించి మెట్ల దాకా మసకబారి ఉంది. పూసిన మైనం పూసినట్టే ఎండిపోయింది. మెట్ల దగ్గర, కింది మెట్టు ముందు, ఆ మైనంలో రెండు మడమల గుర్తులు. లోతుగా, పక్కపక్కన, కదలకుండా. ఎవరో అక్కడ చాలాసేపు కూర్చున్నారు.

వాళ్ళమ్మ నేల సగంలో వదిలెయ్యడం హెన్నింగ్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. యోస్ట్‌ని పూడ్చిపెట్టి వచ్చిన రోజు కూడా ఆమె, తాము తలదాచుకున్న పిన్నిగారి వంటిల్లు మొత్తం తోమాకే కూర్చుంది.

"దర్యాప్తా, సంతాపసభా?"

మెట్ల మీద ఎగ్‌బెర్ట్ ష్ట్రూవే నిలబడి ఉన్నాడు. రాజధాని నేరపరిశోధన విభాగం. ఆ పొద్దున ఏదో కేసులో సాక్ష్యానికని వచ్చాడు. బుగ్గలో పిప్పరమెంటు ఇటునుంచి అటు తోసుకుంటూ దిగాడు. నిరుడు ఓ గోదాం కేసు హెన్నింగ్ చేతిలోంచి లాక్కుని, అమాయకుణ్ణొకణ్ణి నాలుగు నెలలు లోపల కూర్చోబెట్టిన ఘనత ఆయనదే.

"మిమ్మల్ని ఎవరూ పిలవలేదు ష్ట్రూవే."

"పిలిచారు. మీ ప్రధాన న్యాయమూర్తి గారు ఫోను చేశారు. పదింటి రైలుకి దిగుతున్నారు. పాపం, గొంతు వణుకుతోంది." ష్ట్రూవే గదిలోకి తొంగిచూసి నాలుక చప్పరించాడు. "మీ ఊరికి ఉన్నదల్లా ఈ కోర్టే కదా బ్రాండెస్? రైలు జంక్షను పక్క ఊరు తన్నుకుపోయింది, మీకు కోర్టు మిగిలింది. వాయిదాకొచ్చిన వాళ్ళు తినే భోజనాలతో సగం ఊరు బతుకుతోంది. ఇప్పుడేమో దీన్ని కూడా నగరానికి మార్చాలని మంత్రిగారి బల్ల మీద కాగితం ఉంది. ఖైదీల గదిలో శవం అన్నాక ఆ కాగితం మీద సంతకం పడ్డానికి ఎంతసేపు?"

"కోర్టు సంగతి మంత్రిగారు చూసుకుంటారు. శవం సంగతి నేను చూసుకుంటాను."

"మీరెలా చూస్తారు? హార్మ్స్ చావు ఎవరు కోరుకుంటారని వీధిలో ఎవర్నడిగినా మీ ఇంటికే దారి చూపిస్తారు."

"చచ్చింది ఐదుగురు. ఐదు ఇళ్ళకి దారి చూపించాలి."

"మిగతా నాలుగిళ్ళలో కోర్టు తాళంచెవి లేదుగా." ష్ట్రూవే నవ్వాడు. "శనివారం మీరెక్కడున్నారు?"

"నది అవతల. చీకటి పడేదాకా ఇద్దరు కానిస్టేబుళ్ళు నా పక్కనే ఉన్నారు. అడగండి."

"అడుగుతాను. మీరు అబద్ధమాడతారని కాదు. మీరు వీరులు కదా! బాంబులు పడుతుంటే బీరు కార్ఖానా నేలమాళిగ తలుపు తెరవనివ్వకుండా నిలబడి రెండొందల ప్రాణాలు కాపాడారని మెచ్చుకుని మరీ ఇచ్చారు ఈ ఉద్యోగం. అలాంటివాడు కన్నతల్లి కోసం ఒక్కసారి కళ్ళు మూసుకోడంటే నేనెలా నమ్మను?"

"ఆ కప్పు తాకకండి."

ష్ట్రూవే చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కాఫీ. వింతగా లేదూ? చంపదలచుకున్నవాళ్ళు కాఫీ పెట్టి తెస్తారా?" ఒక్కసారిగా ఆయన చూపు నేల మీద పడింది. మెరిసే చోటునుంచి మసక చోటుకి, అక్కణ్ణించి మెట్లకేసి నడిచింది. "కొంచెం పక్కకి జరగండి బ్రాండెస్."

హెన్నింగ్ కాళ్ళు ఆ రెండు మడమల గుర్తులకి అంగుళం దూరంలో ఉన్నాయి. బూటు ఒక్కసారి అటూ ఇటూ రుద్దితే చాలు, మైనం కలిసిపోతుంది. టీమన్ ఊపిరి బిగబట్టడం వినిపించింది.

హెన్నింగ్ పక్కకి జరిగాడు.

ష్ట్రూవే వంగి చూశాడు. "ఆడమనిషి జోడు," అన్నాడు మెల్లగా. ఈసారి నవ్వలేదు. "పదింటికి ఆర్డరు చేతికి రాగానే ఈ కేసు నాది. అందాకా మీకు గౌరవమిస్తున్నాను. ఈ మిగిలిన గంటసేపూ ఎలా వాడుకుంటారో మీ ఇష్టం."

టీమన్ గదిలో హార్మ్స్ కూతురు ఇల్జె కూర్చుని ఉంది. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. పాతికేళ్ళుంటాయి. ఏడ్చినట్టు లేదు. హెన్నింగ్ టోపీ తీసి నిలబడితే తలెత్తి అదోలా చూసింది.

"ఇవాళ తీశారా టోపీ? మా నాన్న వీధిలో మీకు టోపీ తీస్తే అవతలి పక్కకి మారిపోయేవారు మీరు."

"నిజమే. మారేవాణ్ణి."

ఆ జవాబు ఆమె ఊహించలేదు. తడబడింది. "అడగండి. ఏం కావాలో."

"ఏటా ఆ శనివారం ఆయన ఇక్కడికొచ్చేవారని తెలుసా?"

"తెలుసు. ఓ గంట ఉండి వచ్చేవారు. వచ్చాక అన్నం ముట్టేవారు కాదు. ఎక్కడికెళ్ళారు నాన్నా అంటే, 'అప్పు తీర్చడానికి' అనేవారు. ఇంక నేను అడగడం మానేశాను."

"శనివారం రాత్రి రాకపోతే పోలీసులకి చెప్పలేదే?"

"నేను రాత్రి డ్యూటీలో ఉన్నాను. ఆదివారం పొద్దున ఇంటికొచ్చి, ఆయన చర్చికెళ్ళారనుకుని పడుకున్నాను. లేచాక వెతికాను. చీకటిపడ్డాక మీ స్టేషనుకి ఫోను చేశాను. 'తాళాలవాడా? ఎక్కడో నక్కి ఉంటాడులే' అని నవ్వి పెట్టేశారు." ఆమె హెన్నింగ్ చేతిలో టోపీకేసి చూసింది. "మీ మనిషే."

హెన్నింగ్ తలదించుకున్నాడు. "ఈమధ్య ఆయనలో మార్పేమైనా కనిపించిందా?"

"డాక్టరు చెప్పేశాడు. వేసవి దాటదని. అప్పట్నుంచీ నిద్ర లేదు. శుక్రవారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నారు: 'ఇల్జె, నువ్వు పిరికివాడి కూతురివి కాదు. ఆ మాట నేను పోయేలోగా ఒక్కరికైనా చెప్పాలి. ఎర్నమ్మకి చెబుతాను, తర్వాత ఆమె ఇష్టం' అని. ఏంటది నాన్నా, నాకే చెప్పొచ్చు కదా అంటే, 'ముందు ఆమెకే చెప్పాలి, అది ఆమెది' అన్నారు."

ఎర్నమ్మ. తన తల్లిని హార్మ్స్ ఆ పేరుతో పిలుస్తాడని హెన్నింగ్‌కి తెలియదు.

"బాంబులు పడ్డ రోజు మీరెక్కడున్నారు?"

"అదే నేలమాళిగలో. నాకు పన్నెండేళ్ళు. అమ్మ లేదు. సైరన్ మోగగానే నాన్న ఇంటికి పరుగెత్తుకొచ్చి నన్ను తీసుకెళ్ళి అక్కడ దింపారు. పక్కింటావిడ ఒళ్ళో కూర్చోబెట్టి, 'కదలకు, కుర్రాళ్ళని కూడా తీసుకొచ్చేస్తాను' అని వెళ్ళారు." ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది. "కుర్రాళ్ళు అనేవారు, ఖైదీలని. అప్పుడే మొదటి బాంబు పడి దీపాలు పోయాయి. కాసేపటికి ఎవరో వచ్చి నా పక్కన కూలబడ్డారు. చేత్తో తడిమితే నాన్నే. పెదవి చిట్లి రక్తం. ఏమైంది అంటే పడ్డానన్నారు. పడితే పెదవి అలా చిట్లదు. చిన్నపిల్లనైనా నాకు తెలిసింది."

"ఎవరో కొట్టారంటారా?"

"ఎవరో ఆపారంటాను."

ఆ నేలమాళిగకి తలుపులు రెండు. వీధి వైపుది ఒకటి, పెరటి వైపుది ఒకటి. హెన్నింగ్ నిలబడింది వీధి వైపు. రెండోదాని దగ్గర వేరే ఎవరో ఉండాలి. ఉండే ఉంటారు.

వెళ్ళబోతుంటే ఇల్జె అంది: "పాస్టరు గారు కబురు చేశారు. ఖననం రోజున నాన్న గురించి ఏం చెప్పమంటావని. మామూలుగా అయితే ఆయనకే తెలియాలి. ఏం చెప్పాలో ఆయనకీ తోచలేదు. మీరేమైనా చెప్పగలరా కమిషనర్ గారూ, మా నాన్న గురించి ఒక్క మంచి మాట?"

తల్లి ఇల్లు కోర్టుకి నాలుగు అడుగుల దూరం. హెన్నింగ్ తలుపు తోసేసరికి ఎర్నా వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. నల్ల కోటు గుండీలు పైదాకా పెట్టుకుంది. టోపీ పెట్టుకుంది. చేతిసంచీ ఒళ్ళో ఉంది.

"నువ్వొస్తావో, ఆ రాజధాని ఆయనొస్తాడో అనుకుంటున్నా. నువ్వే వచ్చావు. ఏమన్నా తిన్నావా?"

"అమ్మా, నువ్విప్పుడు చెప్పే ప్రతి మాటా నేను రాయాలి."

"రాయి. దస్తూరీ బాగుండేది యోస్ట్‌ది, నీది కాదు. అయినా రాయి. గడియ నేనే పెట్టాను. తియ్యలేదు. చచ్చాడు. అంతే కదా కావాల్సింది? పద."

"అంతే కాదు. పన్నెండేళ్ళు తీశావు. ఈ ఏడు ఎందుకు తియ్యలేదు?"

"కసి."

"కసి ఉన్నదానివి కాఫీ ఎందుకు తీసుకెళ్ళావు?"

ఎర్నా చేతిసంచీ గట్టిగా పట్టుకుంది. గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

"మొదటేడు శిథిలాల్లో కనిపించాడు. పైకప్పు లేదు, గోడలే మిగిలాయి. కాలి వంకరపోయిన తలుపు ఉండేది. మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, 'తలుపు మూసి ఒక గంట వదిలెయ్యి ఎర్నమ్మా' అన్నాడు. సంతోషంగా మూశాను. వాడు వాన్లో తడుస్తుంటే నాకు బాగుంది. మళ్ళీ ఏడూ వచ్చాడు. ఆ పై ఏడూ. కోర్టు మళ్ళీ కట్టాక పనికి కుదిరింది కూడా అందుకే అనుకో. ఐదారేళ్ళు పోయాక ఆ గంటసేపూ తలుపుకి ఇటు నేను, అటు ఆయన. యోస్ట్ గురించి మాట్లాడుకునేవాళ్ళం. లోపలున్నప్పుడు పిల్లాడు ఏమనేవాడో, ఏం పాడేవాడో అన్నీ చెప్పేవాడు. ఆయన తప్ప అవి ఎవరికి తెలుసు? నిరుడు ఇల్జెకి మొగుడిగా కుదిరినవాడు తాళాలవాడి అల్లుణ్ణి కాలేనని వెళ్ళిపోయాడని చెప్పి ఏడ్చాడు. చలిగా ఉంది పాపం అని కాఫీ పట్టుకెళ్ళాను."

"ఈ ఏడు?"

"ఈ ఏడు కూడా పట్టుకెళ్ళాను."

"ఆయన నీకేదో చెప్పాలనుకున్నాడని కూతురు చెప్పింది. ఏం చెప్పాడు?"

"ఏం చెప్పలేదు. కసితో చంపానని రాసుకో. నాకీ వయసులో జైలైతేనేం, వంటిల్లయితేనేం."

"అమ్మా!"

"అడక్కురా నాయనా. నీకు దణ్ణం పెడతాను. అడక్కు."

పదేళ్ళుగా ఎందరినో ఎదుట కూర్చోబెట్టుకుని అడిగినవాడు హెన్నింగ్. దేన్ని దాచేటప్పుడు మనిషి ఎలా బతిమాలుతాడో తెలుసు. తనని తాను కాపాడుకునేవాళ్ళు ఇలా బతిమాలరు.

"ఆయన పెదవి చిట్లింది. నేలమాళిగ నుంచి బయటికి రాబోతే ఎవరో ఆపారు. ఎవరు?"

ఎర్నా అప్పుడు కొడుకు మొహంలోకి చూసింది. ఆ చూపు పడ్డాక హెన్నింగ్‌కి ఇంక జవాబు అక్కర్లేకపోయింది.

చీకటి. దుమ్ము. పైన భూమి బద్దలవుతున్న చప్పుడు. అతనికి ఇరవయ్యేళ్ళు, యుద్ధంలో కాలికి దెబ్బ తగిలి ఇంటికొస్తే సహాయ పోలీసు పట్టీ భుజానికి కట్టి తలుపు దగ్గర నిలబెట్టారు. తలుపు తెరిస్తే అందరూ చస్తారు, ఎవర్నీ వదలొద్దు అన్నారు. ఎందరో మీద పడ్డారు. ఒకడు మాత్రం వదల్లేదు. ఏదో అరుస్తున్నాడు. చెవులు గింగురుమంటుంటే ఒక్క మాటా వినపడలేదు. చేతిలో దేన్నో గలగలా ఆడిస్తూ హెన్నింగ్ రొమ్ము మీద కొడుతున్నాడు. హెన్నింగ్ పిడికిలి బిగించి ఒక్కటిచ్చి, రెండు చేతులా లోపలికి తోశాడు. ఆ తర్వాత ఆ మనిషి మళ్ళీ రాలేదు.

అవి తాళంచెవులు.

హెన్నింగ్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"నీకు తెలీదురా," ఎర్నా లేచి అతని రెండు భుజాలూ పట్టుకుంది. "ఆయనే అన్నాడు, కుర్రాడికి తెలీదు, చెప్పిన పని చేశాడు అని. నీ గొంతు గుర్తుపట్టాడట. ఊరంతా మొహాన ఉమ్మేసినా పదమూడేళ్ళు నోరు విప్పలేదు. 'నీకు మిగిలిన ఒక్క కొడుకునీ నీకు కాకుండా చెయ్యడం ఇష్టం లేకపోయింది ఎర్నమ్మా' అన్నాడు. 'ఇప్పుడు నేను పోతున్నాను. నా పిల్ల ఆ పేరు మొయ్యాల్సొస్తుంది' అన్నాడు. ఆ కిటికీలోంచి నెమ్మదిగా చెప్పాడు. చెప్పి, కాఫీ ముట్టకుండా వెళ్ళి కూర్చున్నాడు."

"అప్పుడు?"

"బ్రష్ వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను. గంటయింది. లేచి తీద్దామనుకున్నాను, కాళ్ళు రాలేదు. 'ఉన్నావా?' అని ఒక్కసారి అడిగాడు. పలకలేదు. మళ్ళీ అడగలేదు." ఆమె అతని భుజాలు వదిలేసింది. "చీకటి పడ్డాక కాళ్ళొచ్చాయి. లేచాను. తలుపుకేసి నడవలేదు హెన్నింగ్, మెట్లకేసి నడిచాను. అదీ రాసుకో. కోటు పక్కనే వేలాడుతోంది. మాత్రలు అందులో ఉన్నాయని తెలుసు. ఆయన బయటికొస్తే నీకు తెలిసిపోతుంది. నీకు తెలియకూడదు. అప్పుడు నా బుర్రలో అదొక్కటే ఉంది."

"ఆదివారం నేను భోజనానికొచ్చాను."

"వచ్చావు. చారు రెండుసార్లు పోయించుకున్నావు. నీ చేతులే చూస్తూ కూర్చున్నాను."

ఏడుపు రాలేదు ఎవరికీ. అది ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియనంత పెద్దదిగా ఉంది.

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ఎర్నా అతని చొక్కా చెయ్యి గుంజింది. గబగబా చెవిలో చెప్పింది. "ఆయన పారిపోయి మా పిల్లాణ్ణి చంపాడు, అందుకే చంపానంటాను. అందరూ నమ్ముతారు. నువ్వు నోరు విప్పకు. ఒక కొడుకుని తగలబెట్టుకున్నాను, ఒకణ్ణి మిగుల్చుకోనీ."

ష్ట్రూవే తలుపు తట్టి లోపలికొచ్చాడు. చేతిలో కొత్త ఆర్డరు. నల్ల కోటులో, చేతిసంచీతో సిద్ధంగా నిలబడ్డ ముసలామెని చూసి టోపీ తీశాడు. కుర్చీ లాక్కుని, కాగితం బల్ల మీద పరిచి, కలం విప్పాడు.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నానయ్యా," అంది ఎర్నా గట్టిగా. "మా యోస్ట్‌ని గదిలో వదిలేసి తాళాలు పట్టుకుని పారిపోయాడు. అందుకే గడియ పెట్టాను. రాసుకోండి."

ష్ట్రూవే రాయడం మొదలెట్టాడు. కాగితం మీద 'పారిపోయిన' అన్న మాట రూపం కట్టుకుంటుంటే హెన్నింగ్ చూశాడు. ఎదురైన ప్రతివాళ్ళకీ టోపీ తీసి, అవతలి పేవ్‌మెంటు మీదికి తప్పుకున్న మనుషుల వీపులు చూస్తూ నిలబడ్డ ముసలాయన కళ్ళ ముందు కదిలాడు.

"హార్మ్స్ పారిపోలేదు," అన్నాడు.

కలం ఆగింది.

"నోర్ముయ్యరా!" ఎర్నా కేక వంటిల్లంతా మోగింది.

"పిల్లని దింపి ఖైదీల కోసం వెనక్కి వెళ్ళబోయాడు. నేలమాళిగ తలుపు దగ్గరున్న పోలీసువాడు కొట్టి లోపలికి తోశాడు. ముందు ఇది రాయండి ష్ట్రూవే. ఖననం రోజున పాస్టరు గారు చదవాలి ఇది."

ష్ట్రూవే తలెత్తి తల్లినీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు. బుగ్గలో పిప్పరమెంటు కదలడం మానేసింది. "ఏ పోలీసువాడు?"

ఎర్నా చెయ్యి చాపి హెన్నింగ్ నోరు మూసింది. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఏడుస్తుంటే వీధిలో వినపడకుండా మూసినట్టే. హెన్నింగ్ ఆ చేతిని మెల్లగా తప్పించి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. నిటారుగా నిలబడి, బోనులో సాక్షి చెప్పినట్టు, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు.

తల్లి చెయ్యి అతని చేతుల్లో ఒక్కసారిగా బరువెక్కింది.